పసుపు పూలన్నీ రేల కాదు బిడ్డా

చిన్నీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. గచ్చిబౌలిలో మీ ఆఫీసు రోడ్డు మీద ఒక్క ఆకు లేకుండా నిలువెల్లా పసుపు పచ్చగా పూసిన చెట్టు. కింద "పెద్దమ్మా, ఇది రేలే కదా?" అని నీ ప్రశ్న.

కాదు బిడ్డా. ఫిబ్రవరిలో మన దగ్గర రేల అలా విరగబూయదు. అది టబేబుయా, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చెట్టు. రాలిన పువ్వు ఒకటి ఏరి చూడు, సన్నాయి మూతిలా ఉంటుంది. రేల పువ్వుకైతే ఐదు రేకులు, దేనికది విడిగా.

పసుపు పూల చెట్టు కనబడితే ముందు ఏ నెలలో ఉన్నామో చూసుకో. సగం అనుమానం అక్కడే తీరుతుంది. మార్చి లోపల మోడు మీద పూసేవాటిలో రోడ్డు పక్కన నాటింది సాధారణంగా టబేబుయా. బండల గుట్ట మీద తనంతట తాను మొలిచి, అరచేయంత పూలు పూస్తే కొండగోగు.

ఏప్రిల్ వచ్చిందంటే నెలను నమ్ముకుంటే కుదరదు. రేల, పచ్చ తురాయి రెండూ ఎండల్లోనే పూస్తాయి. పచ్చ తురాయి వానల తర్వాత ఇంకోసారి పూసి మరీ తికమక పెడుతుంది. అప్పుడు గుత్తి ఎటు తిరిగి ఉందో చూడాలి. రేల గుత్తి మూరెడు పొడవున కిందికి వేలాడుతుంది. తురాయి గుత్తి కొమ్మ చివర పైకి నిక్కి ఉంటుంది, మొగ్గలు తుప్పు రంగులో ఉంటాయి.

నేనేమీ పుట్టుకతో నేర్చుకోలేదులే. మా వీధి చివరి తురాయిని ఏళ్ల తరబడి రేల అనే పిలిచాను. ఒకసారి మా అత్తమ్మ విరేచనానికి రేలకాయ గుజ్జు కావాలంటే సంచి పట్టుకుని వెళ్లాను. నల్లటి గొట్టాల్లాంటి కాయల కోసం వెతికితే చెట్టు నిండా రాగి రంగు బిళ్లలు! ఉత్త సంచితో తిరిగొచ్చాను.

ఇక పెత్తరమాస దగ్గరపడితే తంగేడు సంగతి. అప్పుడు సీమ తంగేడు కూడా పూతమీదే ఉంటుంది, కాబట్టి నెలతో తేలదు. సీమ తంగేడు పెద్ద చెట్టు. మన తంగేడు పొద, మామూలుగా మనిషెత్తుకు మించదు. ఆకు కాడ మొదట్లో రెండు చిన్న చెవుల్లాంటి ఆకులు అతుక్కుని ఉంటాయి, వేలితో తడిమితే తెలుస్తుంది. పోయిన బతుకమ్మకు నువ్వు సంచినిండా తెచ్చింది సీమ తంగేడే. అంత సంబరంగా తెచ్చావని చూసీ చూడనట్టు పేర్చేశాను.

ఈ ఆదివారం వచ్చేటప్పుడు ఆ చెట్టు కింద రాలిన పూలు నాలుగు పట్టుకురా. ఫొటోలో నాకు కళ్లు సరిగ్గా ఆనవు.

మీ పెద్దమ్మ