మానసిక రోగులైన ముద్దాయిలకు మనకూ వేరే కోర్టు ఉందా?

తమ్ముడికి స్కిజోఫ్రీనియా, కొట్లాట కేసు పడింది, అమెరికాలోలా శ్రీకాకుళంలో 'మెంటల్ హెల్త్ కోర్టు' ఉంటుందా అని అడిగారు. లేదండీ. అక్కడ 1997లో ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీ దీనికి దారి చూపింది. ముద్దాయి ఇష్టపడితే జైలు బదులు చికిత్స, జడ్జి ముందు తరచూ హాజరు. సరిగ్గా పూర్తిచేస్తే చాలాచోట్ల కేసు కొట్టేస్తారు. (చికిత్స షరతులు పాటించకపోతే మళ్లీ మామూలు కోర్టుకు పంపవచ్చు.)

మన దగ్గర మానసిక స్థితి గురించి మామూలు కోర్టులోనే చెప్పుకోవాలి. చాలామంది ఇక్కడే రెండు విషయాలు కలిపేస్తారు. ఘటన జరిగిన రోజు మతిస్థిమితం లేదనడానికి బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 22వ సెక్షన్. ఇప్పుడు విచారణ అర్థంకాని స్థితిలో ఉన్నాడనడానికి బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 367, 368 సెక్షన్లు. రెండోదానికి డాక్టరు పరీక్ష కోర్టే చేయిస్తుంది. మొదటిది రుజువు చేసే భారం మీదే, కాబట్టి విశాఖ మానసిక ఆసుపత్రి పాత చీటీలుంటే పారేయకండి. లాయరు ఫీజు టెన్షనైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.