అమ్మానాన్నలతో ఐర్లాండ్: కోచ్ టూరా, సొంతంగా కారా? మా 8 రోజుల అనుభవం

మీ ప్రశ్న చదివాను. అరవై దాటిన అమ్మానాన్నల్ని ఐర్లాండ్ తీసుకెళ్దామనుకుంటున్నారు, గైడ్ ఉండే కోచ్ టూర్ తీసుకోవాలా లేకపోతే కారు అద్దెకి తీసుకుని మీరే తిరగాలా, నడక ఎంత ఉంటుంది, శాకాహారం దొరుకుతుందా అని అడిగారు. పోయినేడాది జూన్‌లో నేను 72 ఏళ్ళ నాన్నగారినీ 67 ఏళ్ళ అమ్మనీ తీసుకుని హైదరాబాద్ నుంచి వెళ్ళి 8 రోజుల కోచ్ టూర్ చేసొచ్చాను. బస్సులో నలభై మంది దాకా ఉన్నాం, తెలుగువాళ్ళం మేము ముగ్గురమే. పెద్దవాళ్ళతో అయితే నా ఓటు కోచ్‌కే.

కారు సంగతి ముందు చెప్తా. అక్కడ కూడా మనలాగే ఎడమవైపే నడపాలి కాబట్టి సులువే అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది, కానీ నైరుతి మూలనున్న కెర్రీ జిల్లా వైపు రోడ్లు చూశాక మనసు మార్చుకున్నా. రెండు పక్కలా రాతిగోడలో పొదలో రోడ్డుని ఆనుకుని ఉంటాయి, మలుపు తిరిగితే ఎదురుగా ట్రాక్టర్ ఉంటుంది, నడిపేవాడికి రోడ్డు తప్ప ఇంకేం కనపడదు. అన్నింటికంటే పెద్ద కారణం ఏంటంటే, ఐర్లాండ్‌లో చెప్పేవాడు పక్కన లేకపోతే మనకి కనపడేది పచ్చగడ్డి, గొర్రెలు, పైకప్పు లేని రాతి గోడలు, అంతే. చెప్పేవాడు ఉంటే అదే గోడ వెనకాల ఒక ఊరు కనపడుతుంది. మాకు డ్రైవరూ గైడూ ఒక్కరే, అరవై ఏళ్ళ పెద్దాయన, మైక్ పెట్టుకుని నడుపుతూనే చెప్తూ ఉండేవాడు, ఆయన కబుర్ల కోసమే మళ్ళీ వెళ్ళొచ్చు.

మా రూట్ డబ్లిన్‌లో మొదలై క్యాషెల్, కార్క్, కోవ్, కిలార్నీ, మోహర్ కొండలు, గాల్వే మీదుగా మళ్ళీ డబ్లిన్. డబ్లిన్‌లో కిల్మైనమ్ జైలు తప్పకుండా చూపించండి, బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటు నాయకుల్లో 14 మందిని అక్కడే కాల్చి చంపారు. కార్మిక నాయకుడు జేమ్స్ కానలీకి అప్పటికే గాయాలయ్యి నిలబడలేకపోతే కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు, ఆ పెరట్లో ఒక చిన్న శిలువ గుర్తు ఉంటుంది. నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైర్ అయ్యారు, అక్కడ నిలబడి వి.వి.గిరి గారి సంగతి ఎత్తారు. గిరి గారు 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళి, అక్కడి స్వాతంత్ర్య పోరాటం చూసి కదిలిపోయి, 1916 తిరుగుబాటు తర్వాత దేశం వదిలి వెళ్ళమని నోటీసు వస్తే తిరిగొచ్చేశారు, ఇక్కడ రైల్వే కార్మికుల్లో పనిచేసి చివరికి 1969లో రాష్ట్రపతి అయ్యారు. నేను ఇంగ్లీషులో చెప్తుంటే గైడ్ బస్సు మెట్టు మీద కూర్చుని చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నాడు, మర్నాడు పొద్దున్న మైక్‌లో బస్సందరికీ చెప్పాడు. నాన్నగారి మొహం చూడాలి అప్పుడు.

ట్రినిటీ కాలేజీలో బుక్ ఆఫ్ కెల్స్ కూడా చూశాం, సుమారు 800 నాటి సువార్తల రాతప్రతి, దూడ చర్మం మీద రాసి రంగులు వేశారు. పాత లైబ్రరీలో పుస్తకాలు చాలావరకు భద్రం చేయడానికి తీసేశారు, అరలు ఖాళీగా కనపడతాయి, ఫోటోల్లో చూసినట్టు ఉంటుందని ఆశపెట్టుకోకండి. రాక్ ఆఫ్ క్యాషెల్ ఒక గుట్ట మీద ఉంది, దక్షిణ ఐర్లాండ్‌ని ఏలిన మన్‌స్టర్ రాజుల స్థానం అది, 1134లో ప్రతిష్ఠ చేసిన చిన్న చర్చి కూడా అక్కడే ఉంది. బస్సు దిగాక కొంచెం ఎక్కాలి, మెల్లగా వెళ్తే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా ఎక్కుతారు. కార్క్ దగ్గరున్న బ్లార్నీ కోట మాత్రం వేరు, ముద్దు పెడితే మాటకారితనం వస్తుందని చెప్పే రాయి ఒకటి పైన ఉంది, దాన్ని ముద్దు పెట్టుకోవాలంటే వందకి పైగా ఇరుకు మెట్లు మెలికలు తిరుగుతూ ఎక్కి పైన వెల్లకిలా పడుకుని తల వెనక్కి వాల్చాలి, మా వాళ్ళని తోటలోనే కూర్చోబెట్టాను.

ఇక కోవ్ గురించి. అది కార్క్ పక్కనున్న ఓడరేవు ఊరు, పాత పేరు క్వీన్స్‌టౌన్, టైటానిక్ చివరగా ఆగింది అక్కడే, 1912 ఏప్రిల్ 11న. రంగురంగుల ఇళ్ళు, పైన పెద్ద చర్చి, చూడ్డానికి బాగుంటుంది కానీ అసలు సంగతి వేరే ఉంది. దారిలో గైడ్ పెద్ద కరువు గురించి చెప్పాడు. 1845లో బంగాళాదుంపకి తెగులొచ్చింది, పేదవాళ్ళకి అదొక్కటే తిండి, 1852 దాకా ఆ కరువు నడిచింది, సుమారు పది లక్షల మంది పోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్ళిపోయారు, ఆ రోజుల్లోనే ఐర్లాండ్ నుంచి ధాన్యమూ పశువులూ ఇంగ్లండ్‌కి ఎగుమతి అవుతూనే ఉన్నాయి. 1841లో ద్వీపం మొత్తం మీద 80 లక్షలకి పైగా జనం ఉండేవాళ్ళు, ఇప్పటికీ ఆ సంఖ్యకి చేరలేదు. లండన్ ట్రెజరీలో కూర్చుని ఆ కరువు సాయం వ్యవహారం చూసిన చార్ల్స్ ట్రెవెల్యనే 1859లో మద్రాసు గవర్నర్‌గా వచ్చాడని నాన్నగారు నా చెవిలో చెప్పారు, చెప్పి మన గుంటూరు వైపు 1832, 33ల్లో వచ్చిన డొక్కల కరువు ఎత్తుకున్నారు, నందన నామ సంవత్సరంలో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయిపోయాయని వాళ్ళ తాతమ్మ చెప్తుండేదట. కిటికీలోంచి బయటికి చూస్తే అన్నీ పచ్చటి పొలాలే, అందుకే ఆ మాటలు ఇంకా గట్టిగా తగిలాయి.

కోవ్‌లో రేవు పక్కన ఒక అమ్మాయి విగ్రహం ఉంది, ఆనీ మూర్, ఇద్దరు తమ్ముళ్ళని వెంటబెట్టుకుని ఓడెక్కి 1892 జనవరి 1న న్యూయార్క్‌లో వలస వచ్చేవాళ్ళని తనిఖీ చేసే ఎలిస్ ఐలాండ్ తెరిచిన రోజు అందరికంటే ముందు అమెరికాలో దిగింది. 1848 నుంచి 1950 దాకా ఐర్లాండ్ వదిలిన 60 లక్షల మందిలో 25 లక్షల మంది ఈ ఒక్క రేవు నుంచే వెళ్ళారట. అప్పట్లో పిల్లలు అమెరికా వెళ్ళే ముందు రాత్రి, చనిపోయినవాళ్ళకి చేసినట్టే ఇంట్లో జాగారం చేసేవాళ్ళు, చుట్టాలంతా వచ్చి తెల్లారేదాకా కూర్చునేవాళ్ళు, ఎందుకంటే వెళ్ళినవాళ్ళు మళ్ళీ కనపడరని అందరికీ తెలుసు. మా అక్క డల్లాస్ వెళ్ళి పదకొండేళ్ళు. అమ్మ నన్ను మోచేత్తో పొడిచి, ఉత్తరాలైనా వచ్చేవా అడుగు అంది. వచ్చేవి, క్రిస్మస్ ముందు డాలర్లు పెట్టి పంపేవాళ్ళు, దాన్నే అమెరికా ఉత్తరం అనేవాళ్ళం అన్నాడు గైడ్. అమ్మ సముద్రం వైపు తిరిగి బెంచీ మీద కూర్చుంది, కాసేపటికి "శంషాబాద్‌లో దాని పెట్టె లోపలికి తోసుకుంటూ వెళ్తుంటే ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదురా, చూస్తే ఏడుస్తుందని" అంది. అప్పటిదాకా ఆ మాట మా ఎవరికీ చెప్పలేదు. మాకు అక్కడ ఇచ్చింది గంటన్నర, ఇంకో గంట ఇచ్చినా బాగుండేది.

కిలార్నీలో రెండు రాత్రులు ఉన్నాం, అక్కణ్ణుంచే రింగ్ ఆఫ్ కెర్రీ, 179 కిలోమీటర్ల చుట్టు రోడ్డు. రోడ్డు ఇరుకు కాబట్టి టూర్ కోచ్‌లన్నీ గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలోనే వెళ్తాయి. మలుపులు బాగా ఎక్కువ, కడుపులో తిప్పేవాళ్ళుంటే ముందురోజే మాత్ర దగ్గర పెట్టుకోండి. దారిలో ఒక రైతు గొర్రెల కుక్కల ఆట చూపిస్తాడు, అది నాకు కొండల కంటే ఎక్కువ నచ్చింది. నలుపూ తెలుపూ కోలీ కుక్క, పొట్ట నేలకి ఆనించి పాక్కుంటూ వెళ్తుంది, కళ్ళు గొర్రెల మీద నుంచి తీయదు, రైతు ఒకలా ఈల వేస్తే కుడివైపు నుంచి చుట్టేస్తుంది, ఇంకోలా వేస్తే ఎడమవైపు నుంచి, ఎక్కడో కొండ మీద చుక్కల్లా ఉన్న గొర్రెలు అయిదు నిమిషాల్లో మన కాళ్ళ దగ్గరికి వచ్చేస్తాయి. ఒక్కొక్క కుక్కకీ ఈల వేరు, ఒకదాని ఈల వింటే ఇంకోటి కదలదు. గొర్రెల వీపుల మీద నీలం, ఎరుపు రంగు మరకలు ఉంటాయి, కొండ అందరిదీ కాబట్టి ఎవరి గొర్రెలు ఎవరివో గుర్తుకి. మా ఊళ్ళో చెవికి గాటు పెట్టేవాళ్ళు అని అమ్మ అంటే నేను రైతుకి చెప్పాను, ఆయన మేమూ పెట్టేవాళ్ళం అని తన చెవి పట్టుకుని చూపించాడు.

సాయంత్రం పబ్ అంటే అమ్మ రానంది. బలవంతం చేసి తీసుకెళ్ళా, చిన్నపిల్లలూ ముసలమ్మలూ అందరూ ఉన్నారు, టీ అడిగితే కెటిల్ నిండా ఇచ్చారు. మేకతోలుతో చేసిన బౌరాన్ అనే పలక వాయిద్యం, ఫిడేలు, ఫ్లూటు, మూలనున్న బల్ల చుట్టూ కూర్చుని వాళ్ళలో వాళ్ళు వాయించుకుంటూ ఉంటారు, స్టేజీ ఏమీ లేదు. మధ్యలో ఒకాయన కళ్ళు మూసుకుని వాయిద్యాలేమీ లేకుండా ఐరిష్ భాషలో పాట ఎత్తుకుంటే పబ్ మొత్తం నిశ్శబ్దం అయిపోయింది. మీ అమ్మగారు రానన్నా తీసుకెళ్ళండి.

కిలార్నీ నుంచి ఉత్తరానికి వెళ్ళేటప్పుడు బస్సుని ఫెర్రీ మీదకి ఎక్కించి షానన్ నది దాటించారు, ఇరవై నిమిషాలే, కానీ చాలా దూరం చుట్టు తిరగడం తప్పుతుంది. మోహర్ కొండలు 214 మీటర్ల ఎత్తున సముద్రం మీదకి నిలువుగా కోసినట్టు ఉంటాయి. గాలి మామూలుగా ఉండదు, గొడుగు తెరిచిన రెండో నిమిషంలో ఊచలు విరిగిపోయాయి, అందుకే తలకి టోపీ ఉన్న రెయిన్ జాకెట్ ముగ్గురికీ కొనండి, గొడుగులు ఇంట్లోనే వదిలేయండి. మేం వెళ్ళేసరికి పొగమంచు, ఏమీ కనపడలేదు, అరగంటకి ఒక్కసారిగా తెర తీసినట్టు తీసేసింది. గైడ్ వెళ్దామని తొందరపెట్టకుండా ఆగాడు కాబట్టి చూడగలిగాం.

గాల్వేకి పడమర వైపున్న కనమారా ప్రాంతంలో కైల్మోర్ ఆబీ అనే కోటలాంటి భవనం దగ్గర నడక తక్కువ, లోపల షటిల్ బస్సు ఉంది, తోట దాకా అదే తీసుకెళ్తుంది. మిచెల్ హెన్రీ అనే ఆయన భార్య కోసం కట్టించాడు, కట్టిన కొన్నేళ్ళకే 1874లో ఆమె పోయింది, 1920 నుంచి సన్యాసినులు ఉంటున్నారు. దారిలో నల్లటి పీట్ నేల ఇటుకల్లా కోసి ఆరబెట్టి ఉంటుంది, పొయ్యిలో వేసి కాలుస్తారు, ఆ పొగ వాసన ఇప్పటికీ నా జాకెట్‌కి ఉన్నట్టే అనిపిస్తుంది.

టూర్ ఎంచుకునేటప్పుడు ధర తర్వాత చూడండి, ముందు ప్రతి ఊళ్ళో రెండు రాత్రులు ఉన్నాయా చూడండి. రోజూ హోటల్ మారితే పొద్దున్న ఏడింటికల్లా పెట్టెలు గది బయట పెట్టాలి, పెద్దవాళ్ళకి నాలుగో రోజుకి ఓపిక అయిపోతుంది. రెండోది హోటల్ అడ్రస్ అడిగి మ్యాప్‌లో చూడండి. మాకు గాల్వే బస అని రాసి ఊరికి బాగా దూరంగా హైవే పక్కన హోటల్ ఇచ్చారు, సాయంత్రం ఊళ్ళోకి వెళ్ళాలంటే టాక్సీయే గతి, రెండు సాయంత్రాలూ పాడయ్యాయి. ఫిర్యాదు చేస్తే కాగితంలో గాల్వే ప్రాంతం అనే ఉంది కదా అన్నారు, అది నాకు ఇంకా కోపమే. సీట్లు రోజూ మారుస్తారు, అందరికీ ఒకరోజు ముందు సీటు వస్తుంది, అది మంచి పద్ధతి. చివరిరోజు డ్రైవర్‌కి టిప్ కవర్లో పెట్టి ఇవ్వడం అలవాటు.

తిండి గురించి భయపడక్కర్లేదు కానీ సూప్ తాగేముందు అడగండి, కూరగాయల సూప్ అన్నా చికెన్ నీళ్ళతో చేసి ఉండొచ్చు. గోధుమ సోడా బ్రెడ్, వెన్న, బంగాళాదుంప రకాలు, స్కోన్లు అమ్మ హాయిగా తింది, కందిపొడి ఒక డబ్బా, ఆవకాయ ఒక సీసా పట్టుకెళ్ళాం. నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు మాత్రం సర్దకండి, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు తీసుకురానివ్వరు.

వీసా విషయంలో ఒక్క జాగ్రత్త. ఐర్లాండ్ షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో లేదు, దాని వీసా వేరు. మీ టూర్లో ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్ఫాస్ట్, జెయింట్స్ కాజ్‌వే ఉంటే అవి యూకే కిందకి వస్తాయి, సరిహద్దులో ఎవరూ బస్సు ఆపకపోయినా వీసా ఉండి తీరాలి, ఐరిష్ వీసా మీద బీఐవీఎస్ (బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్) అని ఉంటే రెండింటికీ పనికొస్తుంది, అప్లై చేసేముందు ప్రస్తుత నిబంధన చూసుకోండి. కరెన్సీ కూడా అక్కడ పౌండ్లు, ఐర్లాండ్‌లో యూరోలు.

జూన్ అయితే రాత్రి పదింటిదాకా వెలుతురు ఉంటుంది, రోజు పెద్దదవుతుంది. బుక్ చేసేముందు ప్రోగ్రాం కాగితంలో కోవ్ ఉందో లేదో చూడండి, బ్లార్నీ చూపించి దాన్ని వదిలేసే టూర్లు ఉన్నాయి. లేకపోతే వేరే టూర్ చూసుకోండి, లేదా కార్క్‌లో ఖాళీ సమయం ఇస్తే అక్కణ్ణుంచి లోకల్ ట్రైన్ ఉంది, అరగంటలోపే రేవు పక్కనే దింపుతుంది.