కలిపి ఉంచితే కొట్టుకునే హామ్‌స్టర్లను ఏం చేయాలి?

ఎలుకల్లాంటి ఈ చిన్న పెంపుడు జంతువులను వెంటనే విడదీసి దేని బోను దానికి ఇవ్వాలి, మళ్లీ కలపొద్దు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే సిరియన్ హామ్‌స్టర్ పుట్టుకతోనే ఒంటరి జీవి. ఒంటికి రెండు పక్కలా ఉండే గ్రంథుల వాసనతో తన చోటుకు గుర్తు వేసుకుంటుంది. ఆ చోట ఇంకొకటి కనిపిస్తే శత్రువే.

బరంపురంలోనో రాయగడలోనో షాపులో ఒకదాన్నొకటి అతుక్కుని పడుకున్న రెండు పిల్లలను కొన్నామనుకోండి. 8–10 వారాల వయసు వచ్చేసరికి, అక్కచెల్లెళ్లయినా సరే, రాత్రిళ్లు కీచుమంటూ కరుచుకుంటాయి. ఒక్కోసారి ప్రాణాలే పోతాయి. చిన్న గాట్లు బొచ్చులో దాగిపోతాయి, వెంట్రుకలు పక్కకు తీసి చూడాలి.

ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకుంటుందని జాలిపడి చాలామంది జంటను కొంటారు. కానీ సిరియన్‌కు తోడు అక్కర్లేదు. విశాలమైన బోను, తవ్వుకోవడానికి అడుగున పరిచిన పొట్టు మందపాటి పొర, పరిగెత్తడానికి చక్రం కావాలి. మరుగుజ్జు రకాల్లో కొన్ని కలిసి బతకగలవు, అవీ కొట్టుకుంటే విడదీయాల్సిందే.