మంచు కింద ద్రాక్ష తీగ ఎలా బతుకుతుంది?

మనిషి నడుము లోతు మంచు పడే సముద్ర తీరంలో ద్రాక్ష తీగలు చచ్చిపోవా, అక్కడ వైన్ ఎలా చేస్తారు అని మీరు అడిగారు. జపాన్‌లోని సప్పొరోలో ఉద్యోగం చేసిన రెండేళ్లలో, సెలవు దినాల్లో యోయిచి అనే పట్టణం దగ్గరి ఒక చిన్న తోటకు పనికి వెళ్లేవాణ్ని కనుక, అక్కడ చూసినది చెబుతాను.

మా నాన్నగారు శామీర్‌పేట దగ్గర పందిళ్ల మీద అనాబ్-ఎ-షాహీ అనే ద్రాక్ష రకం పండించేవారు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తూ, తీగకు నిద్రన్నదే లేకుండా కాపు తీయడమే నాకు తెలిసిన ద్రాక్ష సాగు.

యోయిచిలో తీగ నెలల తరబడి నిద్రపోతుంది. సైబీరియా నుంచి వచ్చే గాలులు జపాన్ సముద్రం మీద తేమను పీల్చుకుని, ఆ పడమటి తీరమంతటా మంచుగా కుమ్మరిస్తాయి. నేనూ మంచే శత్రువు అనుకున్నాను గాని, నిజానికి అది దుప్పటి. పైన గాలి సున్నాకు 10 డిగ్రీలు దిగువన ఉన్నా, మంచు అడుగున చలి సున్నాకు దగ్గరగానే ఆగిపోతుంది. భయమల్లా దాని బరువుతోనే. అందుకే మొక్కను మొదటినుంచీ ఏటవాలుగా నాటి, శీతాకాలం ముందు కత్తిరించి, తీగెల కట్లు విప్పి నేల మీద పడుకోబెడతారు. వసంతంలో మళ్లీ లేపి కట్టాలి. ఆ పనిలో నేను తొందరపడి ఒక ముదురు కాండాన్ని విరిచేశాను. తోట యజమాని ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధించింది.

వైన్ విషయానికొస్తే, వేసవి చల్లగా, పొట్టిగా ఉంటుంది కాబట్టి కాయలో పులుపు నిలుస్తుంది. అందువల్ల కెర్నర్ వంటి జర్మన్ తెల్ల రకాలు అక్కడ బాగా కుదిరాయి. పినో న్వార్ అనే ఎర్ర వైన్ రకం కూడా పండుతుంది. చక్కెర చాలని ఏడాది రసంలో కొంత చక్కెర కలుపుతారు, అది మోసం కాదు. ఇంత చిన్న తోటలవాళ్లు సొంతంగా వైన్ చేయగలగడానికి, 2011లో ఆ పట్టణం వైన్ ప్రత్యేక మండలమై, లైసెన్సుకు కావలసిన కనీస ఉత్పత్తి ఏడాదికి 6,000 లీటర్ల నుంచి 2,000 లీటర్లకు తగ్గడం ముఖ్య కారణం.

మీరు వెళ్లదలచుకుంటే కోతల సమయమైన అక్టోబరులో వెళ్లండి. ఫిబ్రవరిలో మంచు మీద గుంజల కొనలు తప్ప తోట కనిపించదు.