స్టో తోటలోని రాతి విగ్రహాలను ఎందుకు తోమి శుభ్రం చేయరు?

బకింగ్‌హామ్‌షైర్‌లోని స్టో తోట చూసి వచ్చి మీరు రెండు ప్రశ్నలు అడిగారు. విగ్రహాల మీద ఆ మచ్చలను అలాగే ఎందుకు వదిలేశారు? అవి అసలువా, నకళ్లా? ఆ తోటకు గంట ప్రయాణం దూరంలో ఉంటున్నాను, ఏటా రెండు మూడుసార్లు వెళ్తాను. మొదటిసారి ఆ మచ్చలు చూసి నాకూ మీలాగే మనసు చివుక్కుమంది.

మచ్చల సంగతి నాకు తెలిసివచ్చింది మా పెరట్లోనే. పాత సామాన్ల అంగట్లో సున్నపురాయి పూలకుండీ ఒకటి కొన్నాను, అంచు చుట్టూ ద్రాక్షగుత్తులు చెక్కి ఉన్నాయి. ఒక వేసవిలో ఒత్తిడితో నీళ్లు చిమ్మే యంత్రంతో దాన్ని కడిగాను. పది నిమిషాల్లో తెల్లగా మెరిసింది. ఆరాక వేలితో రాస్తే చక్కెరలా పొడి రాలింది. ద్రాక్షగింజల గుండ్రదనం పోయింది, గుత్తి ముద్దలా మిగిలింది. ఆ చలికాలమే అంచున అరచేయంత పెచ్చు ఊడిపోయింది. ఎవరో ఉలితో ఒక్కొక్క గింజనూ తీర్చిన పని అది. తలచుకుంటే ఇప్పటికీ బాధే.

పెచ్చు ఊడటానికి కారణం మంచు. రాతి రంధ్రాల్లోకి దిగిన నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, లోపలినుంచి రాయిని పగలగొడుతుంది. పైపొర గరుకెక్కితే నీరు ఇంకా తేలిగ్గా దిగుతుంది. అందుకే ఇంగ్లండ్‌లో చాలా తోటల్లో చలికాలం రాగానే విగ్రహాలకు తొడుగులు వేస్తారు. మీరు చూసిన బూడిద, పసుపు మచ్చల్లో చాలావరకు రాతిపువ్వు. మనం మసాలాలో వేసుకునేదీ ఆ కోవదే. అది రాయిని గట్టిగా పట్టుకుని పెరుగుతుంది, బలవంతంగా గీకితే రాతి రేణువులూ దానితో వచ్చేస్తాయి. ఇనుప బ్రష్షు, బ్లీచింగ్, ముఖ్యంగా వెనిగర్ జోలికి పోవద్దు. ఆమ్లం తగిలితే సున్నపురాయి కరిగిపోతుంది. మెత్తటి బ్రష్షు, మంచినీళ్లు చాలు. విలువైన విగ్రహమైతే అదీ నిపుణుల చేతికే వదలాలి.

ఇక రెండో ప్రశ్న. స్టోలో నకళ్లు చాలానే ఉన్నాయి. 1921 ప్రాంతంలో ఎస్టేటు అమ్మకాల్లో ఎన్నో విగ్రహాలు చెదిరిపోయాయి. ఇంగ్లిష్‌లో వారంలోని ఏడు రోజులకు పేరిచ్చిన శాక్సన్ దేవతలను (శాక్సన్లు ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ ఒక ప్రాచీన జాతి) శిల్పి రైస్‌బ్రాక్ 1720ల చివర పోర్ట్‌లండ్ రాతిలో, అంటే ఒక రకం సున్నపురాయిలో, చెక్కాడు. వాటిలో సున్నా (Sunna), థూనర్ (Thuner) అనే రెండు విగ్రహాలు ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంవి. తోటలో ఉన్నవి ప్రతిరూపాలు. సున్నా అంటే మన ఆదివారపు సూర్యుడే, థూనర్‌ది గురువారం. పీఠం మీద రూనిక్ అనే ప్రాచీన ఉత్తర ఐరోపా లిపిలో చెక్కిన అక్షరాలు తప్పక చూడండి.

నకలు అని తెలిసి నిరుత్సాహపడకండి. ఆ తోటలో విగ్రహం ఎంత ముఖ్యమో, అది నిలబడిన చోటూ అంతే ముఖ్యం. వాస్తుశిల్పి విలియం కెంట్ 1730లలో కట్టిన బ్రిటిష్ వర్దీస్ (బ్రిటన్ మహనీయుల) మందిరంలో పదహారు గూళ్లు, పదహారు తలలు. న్యూటన్, షేక్‌స్పియర్, మిల్టన్ వంటి మేధావులు ఒకవైపు. ఆల్‌ఫ్రెడ్ రాజు, నావికుడు డ్రేక్ వంటి కార్యశూరులు మరోవైపు. మొత్తంలో స్త్రీ ఒక్క ఎలిజబెత్ రాణి. ప్రాచీన గ్రీకు మహనీయుల గుండ్రటి మందిరం ఆవలి గట్టున, కాస్త ఎత్తులో ఉంది. వీళ్లంతా నీటి మీదుగా వాళ్లకేసి తలెత్తి చూస్తున్నట్టు ఉంటుంది. దగ్గరకు వెళ్లి ఒక్కొక్క ముఖమూ ఫోనులో ఫొటో తీసుకుంటే ఈ సంగతి పట్టుబడదు. ముందు ఆవలి గట్టు మీద హోమర్, సోక్రటీసు ఉన్న మందిరం మెట్ల దగ్గర కాసేపు నిలబడి కిందికి చూడండి. నీటిలో ఆ గూళ్ల వరస నీడ కనిపిస్తుంది. అప్పుడు దిగి, వంతెన దాటి వెళ్లండి.

లండన్ వెళ్లే పని ఉంటే సున్నా, థూనర్‌లను కూడా చూసి రండి. ప్రదర్శనలో ఉన్నాయో లేదో మ్యూజియం వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి. ప్రవేశం ఉచితం.