ఖైదీల చేత పిల్లలకి చెప్పించేటప్పుడు

బాబూ,

టెక్కలిలో మీ కాలేజీ కుర్రాళ్ళకి ఖైదీల చేత నాలుగు మాటలు చెప్పిద్దామనుకుంటున్నానని రాశావు, చాలా సంతోషం, తప్పకుండా చెయ్యి. జైళ్ళ శాఖలో పనిచేసినన్నాళ్ళూ గమనించాను, ఆ వయసు పిల్లలు మన మాట కన్నా దెబ్బతిన్నవాడి మాటే వింటారు.

కానీ భయపెట్టడానికి మాత్రం వద్దు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని రావే జైల్లో 1976లో ఇదే మొదలుపెట్టి, యావజ్జీవ ఖైదీల చేత పిల్లల మొహం మీద అరిపించి బెదిరించారు, దానికి ఎంతో పేరొచ్చింది కూడా. అలాంటి తొమ్మిది ప్రయోగాలను తర్వాత పరిశోధకులు కలిపి చూస్తే, జైలు చూసొచ్చిన పిల్లలే చూడనివాళ్ళకన్నా ఎక్కువగా నేరాల్లోకి వెళ్ళారని తేలింది. నన్నడిగితే, కొందరు కుర్రాళ్ళకి ఆ అరిచేవాడే మొనగాడిలా కనిపిస్తాడు.

మీకు ఆంపోలు జిల్లా జైలు దగ్గరే గానీ, కేసు ఇంకా నడుస్తున్నవాళ్ళని అడగకు, పిల్లల ముందు చెప్పింది రేపు కోర్టులో వాళ్ళకే చుట్టుకోవచ్చు. విశాఖ సెంట్రల్ జైల్లో శిక్ష అనుభవిస్తున్నవాళ్ళు నయం, విడుదలై పని చేసుకుంటున్నవాళ్ళు ఇంకా నయం. ఫోటోలు, వీడియోలు వద్దు. ఇలా మాట్లాడితే శిక్ష తగ్గుతుందని ఎవరికీ ఆశ పెట్టకు.

జైలు కష్టాలు కొంచెం చాలు, తప్పుదారిలో అడుగుపెట్టిన మొదటి రోజు గురించి మాత్రం బాగా చెప్పించు. ఏజెన్సీ నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి గంజాయి మన జిల్లాల మీదుగానే పోతోంది కదా, "ఈ బ్యాగు పట్టుకుని రైలెక్కు, దిగినచోట ఇచ్చెయ్" అని అడిగినవాడు చాలాసార్లు బాగా తెలిసిన అన్నే అయి ఉంటాడు. ఆ అన్న ఎలా అడిగాడు, వీడు ఎందుకు కాదనలేకపోయాడు, అప్పా, బైకు మీద మోజా, వద్దంటే పిరికివాడంటారనా, అదంతా నెమ్మదిగా చెప్పనీ. సరుకు 20 కేజీలు దాటితే పదేళ్ళకు తగ్గదు, ఇరవై ఏళ్ళ దాకా పడొచ్చు, పైన లక్షకు తగ్గని జరిమానా, బెయిలు దొరకడం కూడా మహా కష్టం. ఆర్మీ సెలక్షన్ కోసం తెల్లవారుజామునే రోడ్ల మీద పరుగెత్తే మీ కుర్రాళ్ళకి, పోలీసు వెరిఫికేషన్‌లో కేసు బయటపడితే ఏమవుతుందో విడమర్చి చెప్పాలి. ములాఖత్‌కి వచ్చిన అమ్మ ఏమందో వాడంతట వాడు చెప్తే సరే, ఏడిపించడానికి మాత్రం అడగొద్దు.

ఆడిటోరియం, మైకు, దండలు ఏమీ వద్దు. ఇరవైమందికి మించకుండా గుండ్రంగా కూర్చోబెట్టు. నోరు తెరిచి అడగలేనివాళ్ళుంటారు, పేరు లేకుండా చీటీ రాయమను. మాట్లాడినాయన్ని వెంటనే పంపించెయ్యకు, గాయం కెలుక్కున్న మనిషి, టీ ఇచ్చి కాసేపు పక్కన కూర్చో. ఆ వారమంతా నువ్వు పిల్లలకి అందుబాటులో ఉండాలి, ఎందుకంటే వాళ్ళలో ఒకడిని ఇప్పటికే ఎవరో ఆ బ్యాగు అడిగి ఉండొచ్చు. వాడు నీ దగ్గరికి వస్తే తిట్టకు. గంజాయి సమాచారం చెప్పడానికి 1972 నంబరుందని కూడా అందరికీ చెప్పు.

సూపరింటెండెంటుకి పెట్టే అర్జీ రాసి ముందు నాకు పంపు, చూసి దిద్ది పెడతాను.

మీ మావయ్య