బడికి పోని పిల్లలకు జతగాళ్లు

చి.ల.సౌ. చిన్నమ్మికి, తాడిపత్రి నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు అడిగింది ఫోన్లో తేలే మాట కాదు, అందుకే రాస్తున్నా. బడికి పంపకుండా ఇంట్లోనే చెప్పే పిల్లల చదువు బాగానే సాగుతోంది గానీ జతగాళ్లే దొరకడం లేదన్నావు. "బడికి పంపకుంటే నలుగురిలో కలిసేది ఎట్లొస్తుంది?" అనే చుట్టాలకు జవాబులు చెప్పే పని పెట్టుకోవద్దు. నేనూ బళ్లో పాఠాలు చెప్పిన దాన్నే, ఆ తర్వాత మనవడిని ఇంట్లో చదివించిన దాన్నే. బళ్లో పిల్లలను ఎవరూ కూర్చోబెట్టి కలపరు. రోజూ అవే మొహాలు, అదే వేళ, అదే బెంచీ. ఉండగా ఉండగా వాళ్లే కలుస్తారు. ఇంట్లో చదివించేటప్పుడు అది మనం కుదర్చాలి.

ఈ వారం బొమ్మల క్లాసు, పై వారం లేపాక్షి, ఆ పైన ఇంకేదో క్యాంపు అని తిప్పితే పిల్లలు వందమందిని చూస్తారు, ఒక్కరి పేరూ గుర్తుండదు. ఒక్క చోటు పట్టుకో. ఆర్నెల్లు వదలొద్దు.

మీ ఇంట్లో పాఠాలు సాయంత్రం దాకా సాగుతున్నాయంటివే, చిక్కంతా అక్కడే. వీధిలో పిల్లోళ్లు నాలుగున్నరకు బడి నుంచి వస్తారు, ఆరున్నరకల్లా ట్యూషన్‌కు పోతారు. ఆడేదంతా ఆ మధ్యలోనే. ఎండాకాలం అనంతపురంలో పొద్దు వాలితే గానీ ఎవరూ బయటికి రారు, అది వేరే సంగతి. పుస్తకాలన్నీ పొద్దున్నే ముగించి, ఆ వేళకు పిల్లలను గడప దాటించు.

ఆట చూసేటప్పుడు బంతి ఇంకొకరికి ఇవ్వాల్సిన ఆట చూడు. చదరంగం, కీబోర్డు మంచివే గానీ అక్కడ పక్కపక్కన కూర్చుని కూడా మాట్లాడుకోరు. మీ ఊళ్లో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవా సంస్థ వాళ్ల స్పోర్ట్స్ విలేజ్ ఉంది కదా, ఫుట్‌బాల్, హాకీ, క్రికెట్ అన్నీ ఆడిస్తారు. 2010లో టెన్నిస్ ఆటగాడు రఫెల్ నాదల్ ఫౌండేషన్ వాళ్లతో కలిసి పెట్టిన టెన్నిస్ కేంద్రమూ అక్కడిదే. ఆటతో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు కూడా నేర్పుతారు. ఆ టెన్నిస్ కేంద్రం పేదింటి పిల్లల కోసం పెట్టింది, మనం ఆ చోటు ఆక్రమించకూడదు. తక్కిన ఆటల్లో మన పిల్లలను చేర్చుకునే వీలుందేమో పోయి అడుగు. ఎండాకాలం సెలవుల్లో గ్రంథాలయాల్లో పెట్టే వేసవి విజ్ఞాన శిబిరానికి మాత్రం తప్పక పంపు.

"ఏ స్కూలురా నువ్వు?" మన పిల్లోడు బిక్కమొహం వేసేది ఈ ప్రశ్నకే. నువ్వు పక్కన నిలబడి హోమ్‌స్కూలింగ్ గురించి ఉపన్యాసం ఇస్తే వాడింకా ముడుచుకుపోతాడు. ముందే ఇంట్లో అనిపించు: "నేను ఇంట్లోనే చదువుకుంటా. మీ జట్టులో ఒకరు తక్కువున్నారు కదా, నేను రానా?" అంతే. అవతలోడికి కావాల్సింది నీ కొడుకు చదువు కాదు, ఫీల్డింగ్‌కు ఒక మనిషి.

ఔటా కాదా అని గొడవ పడితే నువ్వు మిద్దె మీద నుంచి తీర్పు చెప్పొద్దు. ఇంట్లో పెరిగే పిల్లలతో పెద్దోళ్లే ఆడతారు, పెద్దోళ్లే ఓడిపోతారు. అందుకే మన మనవళ్లకు ఓడిపోవడం చేతకాదు. రెండు రోజులు అలిగి ఇంట్లో కూర్చుంటాడు, మూడో రోజు బ్యాటు పట్టుకుని వాడే పోతాడు.

పుట్టినరోజుకు నలభై మందిని పిలవడం కన్నా ఆదివారం ఒక్కడిని పిలువు. ఉగ్గాని, బజ్జీ పెట్టు, వాళ్ల ముందు బారాకట్ట పరిచేసి నువ్వు వంటింట్లోకి పో. ఆ పిల్లోడి తల్లితో మాత్రం నాలుగు మాటలు కలుపుకో. పిల్లల స్నేహం తల్లుల పలకరింపు మీదే నిలుస్తుంది. పాప సిగ్గరి అని దిగులు పడొద్దు, దానికి ఒక్క జత దొరికితే చాలు.

బెంగళూరులో ఇట్లా చదివించే కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు పోయి కలవండి, నీకే ధైర్యంగా ఉంటుంది. పిల్లలకు మాత్రం నడిచిపోయేంత దూరంలోనే స్నేహితుడు కావాలి. బడికి పోకుండానే పరీక్ష రాసే ఓపెన్ స్కూల్ పదో తరగతికి ఎట్లాగూ 14 ఏళ్లు నిండాలి, పరీక్షల తొందర ఇప్పుడేమీ లేదు.

దసరా సెలవులకు ఇద్దరినీ ఇక్కడికి పంపు. మా వీధిలో పిల్లోళ్లు బోలెడంతమంది. నువ్వు రావద్దు.

మీ పెద్దమ్మ